నాణెముల డబ్బీలు: వాని మరమ్మతు

పాత నాణె మొక్కటైనను లేని తెలుగిల్లు అరుదు. కాసులపేరులోని కాసులు, వరలక్ష్మీవ్రతమునాడు కలశము చెంత నుంచెడి వెండి రూపాయి, తాతగారి సంచిలో మిగిలిపోయిన అణాలు, అర్ధణాలు, వీని నన్నిటిని భద్రపఱచు భారము గృహిణిదే. బీరువా తాళపుచెవి యెవరి కొంగున నుండునో వారే ఆ యింటికి కోశాధికారి. ఇటీవల ఆ బీరువాలలోనికి క్రొత్తరకపు వస్తువొకటి వచ్చి చేరుచున్నది. అది గాజువలె స్వచ్ఛముగా నుండు గట్టి ప్లాస్టిక్ డబ్బీ. దాని నడుమ నొక నాణెము. పైభాగమున నాణెము పేరును, సంవత్సరమును, దాని స్థితిని తెలుపు అంకెయును, వరుస సంఖ్యయును ముద్రించిన చీటి యుండును.

విశాఖపట్టణమునుండి సోదరి యొకరు ఈ డబ్బీలనుగూర్చియే మాకు వ్రాసినారు. ఉక్కు కర్మాగారములో పనిచేయు దినములలో వారి మామగారు ముచ్చటపడి కూర్చిన నాణెము లిప్పుడు వారి చేతికి వచ్చినవట. డబ్బీలు కొన్ని గీతలుపడి మసకబాఱినవి. ఒకటి పిల్లవాని చేతినుండి జాఱిపడి మూల చిట్లినది. అమ్మకమునకు చూపగా వర్తకు డొకడు, డబ్బీయే యిట్లున్నప్పుడు లోని నాణెముమాట చెప్పనేల, వెండి తూకమునకైనచో తీసికొందు నన్నాడట. ఇరుగుపొరుగువారేమో డబ్బీని పగులగొట్టి, నాణెమును చింతపండుతో తోమి, తళతళ మెఱయునట్లు చేసి చూపుమన్నారట. ఏమి చేయవలయునని వారి ప్రశ్న. ఇది మఱికొందఱు సోదరీమణులకును పనికివచ్చునది గనుక ఈ నెల మా పుటను దీనికే కేటాయించుచున్నాము.

డబ్బీని పగులగొట్టకుండ ఆగి అడిగినందులకు ముందుగా ఆ సోదరిని అభినందించుచున్నాము. ఆ ఆగుటవలన వారు కాపాడుకొన్న దేమో తెలియవలెనన్న డబ్బీ యేల పుట్టినదో తెలియవలయును.

నాణెము విలువ దాని లోహమునందు మాత్రమే లేదు. అది యెంత అరుదైనది, ఎంత చెడకుండ నున్నది యను రెంటినిబట్టి యుండును. అమెరికా దేశమున 1949లో విలియం షెల్డన్ అను నాతడు తమ దేశపు పాత రాగి సెంట్ల స్థితిని కొలుచుటకు 1 మొదలు 70 వఱకు అంకెల నేర్పఱచెను. పిమ్మట ఆ కొలత తక్కిన నాణెములకును వాడుకయైనది. 60 గాని అంతకు మించి గాని వచ్చిన నాణెము చేతులు మాఱి అరగనిది. 1986లో పి.సి.జి.ఎస్., 1987లో ఎన్.జి.సి. అను సంస్థలు ఆ దేశముననే వెలసి, నాణెమును పరీక్షించి, నకిలీ కాదని నిర్ధారించి, అంకె వేసి, డబ్బీలో మూసియిచ్చు పద్ధతిని వ్యాపింపజేసినవి. మన దేశపు నాణెములును నేడు అట్టి డబ్బీలలో కానవచ్చుచున్నవి.

ఈ డబ్బీ రెండు పలకలుగా నుండును. చెవికి వినరాని శబ్దతరంగముల అదురువలన పుట్టు వేడిమితో వాని అంచులను కరగించి అతుకుదురు. ఆ అతుకు లక్కముద్ర వంటిది. దానిని విప్పినచో ఆనవాలు మిగులును. ముద్ర చెడనంతవఱకే చీటిమీది మాట చెల్లును. కావున డబ్బీలో నున్నవి రెండు ఆస్తులు: నాణె మొకటి, దానినిగూర్చిన సాక్ష్య మొకటి. డబ్బీని పగులగొట్టినవారు సాక్ష్యమును పోగొట్టుకొందురు. చింతపండుతో తోమినవారు నాణెమునే పోగొట్టుకొందురు. ఇత్తడిబిందెను పులుపుతో తోమినప్పుడు పైపొర యొకటి కరగిపోవుటచేతనే అది మెఱయును. బిందెకు పొర పోయిన నష్టములేదు. నాణెమునకో, టంకసాలలో అచ్చు పడిననాటి సహజమైన నిగ్గంతయు ఆ పొరయందే యున్నది. అది పోయిన నాణెమును ఎఱిగినవారు చూచినంతనే గుర్తింతురు, విలువ తగ్గింతురు.

తూకమునకు అమ్ముటయు పొరపాటే కావచ్చును. ఒక్క ఉదాహరణ చాలును. బ్రిటిషువారి కాలపు వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, అనగా ఒక తులము. అందులో నూటికి 91.7 వంతులు వెండి. 1940 మొదలు వెండి సగమునకు తగ్గినది. 1947లో వెండి బొత్తిగా పోయి నికెలు వచ్చినది. ఆఱవ జార్జి బొమ్మగల రూపాయిలలో 1940 తరువాతి కొన్ని సంవత్సరములవి విరివిగా దొరకును. 1939 నాటిది మిక్కిలి అరుదు. బొమ్మ ఒకటే, చూపునకు అంతయు నొకటే. విలువయందుమాత్రము పోలికయే లేదు. అరుదైన సంవత్సరములకు నకిలీలును పుట్టును గనుక, ఇది నిజమైనదని పలుకు చీటి అట్టిచోట నెంత ముఖ్యమో వేఱుగ చెప్ప నక్కఱలేదు.

వెండి మాత్రమే కాదు, రాగియు చిన్నచూపు చూడదగినది కాదు. విశాఖపట్టణము ఉత్తర సర్కారులలో చేరియున్న దినములలో ఆ సీమల వాడుకకై ఈస్టిండియా కంపెనీవారు 1794లోను, 1797లోను ఇంగ్లండున రాగి నాణెములు ముద్రింపించిరి. రూపాయికి 48, రూపాయికి 96 అను లెక్క వానిమీదనే చెక్కబడి యుండును. 1906 మొదలు వచ్చిన అలల అంచు అణాబిళ్ళమీద విలువ తెలుగు లిపిలోను కనబడును. ఇట్టివి మన యిండ్లలో నెన్ని మూలుగుచున్నవో!

ఇక మరమ్మతు సంగతి.

అన్నిటికంటె ముందు దోషము డబ్బీమీద నున్నదో, నాణెముమీద నున్నదో తెలిసికొనవలయును. ఒక ప్రక్కనుండి దీపపు వెలుతురు పడునట్లు డబ్బీని పట్టుకొని మెల్లగా అటునిటు వంచి చూడుడు. గీత నాణెముమీదినుండి జరిగినట్లు తోచినను, దాని నీడ నాణెముపై పడినను, ఆ గీత ప్లాస్టిక్‌మీదిది. నాణెములోని బొమ్మతోపాటు కదలక నిలిచినచో అది నాణెముమీదిది. భూతద్దముండిన మఱియు సులభము. వర్తకుడు గీతను చూపి ధర తగ్గింపజూచినప్పుడు ఈ పరీక్షను అతని యెదుటనే చేయవచ్చును.

డబ్బీకి వచ్చు చెఱుపు మూడు విధములు: మాపు, గీత, చిట్లు.

మొదటిది మాపు. విశాఖలో దుమ్ము తక్కినయూళ్ళ దుమ్మువంటిది కాదు. సముద్రపు ఇసుక, ఓడరేవున ఎగుమతి దిగుమతులగు ఇనుపఖనిజము, బొగ్గు, వీని నలుసులు గాలిలో కలిసియుండును. ఇసుక రేణువు ప్లాస్టిక్‌కంటె ఎన్నో రెట్లు కఠినము. దుమ్ముపడిన డబ్బీని చీరచెంగుతో తుడుచుట గరుకుకాగితముతో రుద్దుటయే. గీతలలో పెక్కు ఇట్లు వచ్చినవే గాని క్రిందపడుటవలన వచ్చినవి కావు. కావున ముందు మెత్తని కుంచెతో నలుసులను రాల్చివేయుడు. పిదప కళ్ళద్దములు తుడుచు మెత్తని గుడ్డను శుభ్రమైన నీట ముంచి, గట్టిగా పిండి, తడి చేతికి తెలియనంతగా నున్నప్పుడు తుడుచుడు. వెంటనే పొడిగుడ్డతో ఒత్తుడు. డబ్బీని కుళాయిక్రింద పట్టరాదు, నీట ముంచరాదు. అతుకు ఎంత గట్టిదైనను నీరు చొరదని నమ్మరాదు. లోనికి పోయిన నీటిబొట్టు చీటిని ఉబ్బించి, నాణెముపై మచ్చ మిగుల్చును.

రెండవది గీత. గోరుతో మెల్లగా అడ్డముగా గీచి చూడుడు. గోరు తట్టనిచో అది పైపై గీత, ఇంటనే పోగొట్టవచ్చును. దీనికి ప్లాస్టిక్‌ను మెఱుగుపెట్టు లేపనము కావలయును. వాహనముల ముందుదీపముల మూతలు మసకబాఱినప్పుడు పూసెడి రకము సామానుల దుకాణములలో దొరకును. అది దొరకనిచో తెల్లని మామూలు పండ్లపేస్టుతో స్వల్పమైన గీతలను తగ్గించవచ్చును. ముందుగా పనికిరాని సి.డి. పెట్టె మూతపై చేయి సాధించుకొనుడు. ఆ ప్లాస్టికును ఇట్టిదే.

పద్ధతి యిది. డబ్బీ చుట్టునున్న అతుకుమీద, గోడలకు రంగులు వేయువారు వాడు కాగితపు టేపును అంటింపుడు. లేపనము అతుకులో దూరదు. సంస్థవారి మెఱుపుముద్రయు, ఉబ్బెత్తు గుర్తులు నున్నచోట చేయి పెట్టకుడు. మెత్తని నూలుగుడ్డకొనపై పెసరగింజంత లేపనము తీసికొని, గీతపై చిన్న చిన్న సున్నలుగా, వ్రేలి బరువు తప్ప వేఱు బలము లేకుండ ఒక నిమిషము రుద్దుడు. తుడిచి చూడుడు. చాలనిచో మఱల చేయుడు. ఒక్కమాఱు గట్టిగా రుద్దుటకంటె నాలుగుమాఱులు మెల్లగా రుద్దుట మేలు. విద్యుత్తుతో తిరుగు యంత్రమును పెట్టరాదు. దాని వేడిమికి ప్లాస్టికు కరగి, గీతపోయి గుంట వచ్చును. పని ముగియగనే టేపును తీసివేసి, తడిగుడ్డతోను పొడిగుడ్డతోను శుభ్రపఱుపుడు.

గోరు తట్టుకొను లోతైన గీతకు 2000 అంకెగల నీటి గరుకుకాగితమును, తరువాత 3000 అంకె దానిని చెమ్మచేసి రుద్ది, పిమ్మట లేపనము పెట్టుదురు. ఆరంభమున డబ్బీ అంతయు పాలవలె తెల్లబడి భయము గొలుపును. లేపనముతో మఱల తేటపడును. అయినను చేయి తిరుగనివారు దీనికి పూనుకొన నక్కఱలేదు. గీత నాణెమును కప్పకుండ ప్రక్కగా నున్నచో దానిని అట్లే విడుచుట వివేకము. గీతపడిన డబ్బీలో చెడని నాణెముండుట తప్పుగాదు.

మూడవది చిట్లు. ఇక్కడ మా సలహా ఒక్కటే: అతుకవలదు. చిటికెలో పట్టుకొను జిగురులనుండి లేచు ఆవిరి ప్లాస్టిక్‌పై తెల్లని పొగవలె పేరుకొనును. పగులులోనుండి లోనికి చొచ్చిన నాణెముపైని కూడ పేరుకొనును. అంతకంటె ముఖ్యమైనది మఱొకటి కలదు. అతికిన డబ్బీని చూచువారు, లోని నాణెమును మార్చి మూసినారేమో యని శంకింతురు. నిజాయితీగా చేసిన పనియే నిందను తెచ్చును. మూల మాత్రము విఱిగి, నాణెమున్న గూడు చెదరనిచో, డబ్బీని ఉన్నదున్నట్లు ఛాయాచిత్రము తీయించి, విఱిగిన ముక్కలతోకూడ ఒక సంచిలో నుంచుడు. ఆ సంచి పాలీప్రొపిలీన్‌దిగాని, మైలార్ అను పాలియెస్టర్‌దిగాని కావలయును. మెత్తగా సాగుచు, క్రొత్త వానకోటువలె వాసన కొట్టు పి.వి.సి. సంచులు పనికిరావు. వానినుండి వెలువడు ద్రవ్యములు కాలక్రమమున నాణెముపై ఆకుపచ్చని జిడ్డుగా దిగును.

డబ్బీ రెండుగా విడిపోయి నాణెము బయటపడినచో, దానిని అంచులమాత్రమే పట్టుకొని, నాణెముల కుపయోగించు నిరపాయమైన గుండ్రని బిళ్ళపెట్టెలో నుంచుడు. చీటిని, ముక్కలను వేఱొక కవరులో దాచుడు. చీటి అప్పటికి సాక్ష్యము కాదు, జ్ఞాపకము మాత్రమే. అమ్మునప్పుడు ఆ మాట దాపఱికము లేక చెప్పవలయును.

డబ్బీల దగ్గఱకు రాగూడనివి కొన్ని మన యిండ్లలో నిత్యమును ఉండును. గోళ్ళరంగును తుడుచు ద్రవములలో పెక్కింట ఏసిటోన్ ఉండును. అది ఈ ప్లాస్టిక్‌ను కరగించివేయును. స్పిరిటువలన కొన్ని ప్లాస్టిక్కులపై సన్నని పగుళ్ళు పుట్టును. చీరల నడుమ వేయు కలరా ఉండల ఆవిరికి పాలీస్టైరీన్ మెత్తబడును; కావున ఆ అరలో డబ్బీలు పెట్టరాదు. రబ్బరు పట్టీలు, ఉన్నిగుడ్డలు గంధకమును విడుచును, వెండి నల్లబడును. పండుగనాడు పూజలో పెట్టదలచినచో పసుపు కుంకుమలను డబ్బీముందు పళ్ళెమున నుంచుడుగాని డబ్బీకి అద్దకుడు. అభిషేకమునకు వేఱొక రూపాయి నుంచుకొనుడు.

విఱిగిన డబ్బీని మార్చియిచ్చు పద్ధతి ఆ సంస్థలలోనే యున్నది. రుసుము పుచ్చుకొని క్రొత్త డబ్బీలో అమర్చి పంపుదురు. కాని మన దేశమువారు ఇచ్చట జాగ్రత్తపడవలసిన విషయ మొకటి కలదు. 1972 నాటి పురావస్తు చట్టముననుసరించి నూఱేండ్లు నిండిన నాణెము పురావస్తువుగా నెంచబడును. దానిని ప్రైవేటు వ్యక్తులు దేశము దాటించుట నిషిద్ధము. మరమ్మతుకని పంపినను పంపుటయే యగును. కావున విక్టోరియా రాణి రూపాయి డబ్బీ పగిలినచో దానిని టపాలో విదేశమునకు పంపుటకు ఎవరు ప్రోత్సహించినను వినకుడు. అట్టి నాణెమునకు డబ్బీ పగులకుండ కాచుకొనుటయే ఉత్తమమైన మరమ్మతు.

కాచుకొనుట యెట్లు? ఈ డబ్బీలు గాలి చొరనివి కావు. విశాఖ సముద్రపుగాలిలో ఉప్పును, చెమ్మయు నెల్లకాలము నుండును. రాగి పచ్చబాఱుటకు, వెండి మాఱుటకు అవి చాలును. మూత బిగువుగా పట్టు డబ్బాలో డబ్బీలను పుస్తకములవలె నిలువుగా అమర్చుడు. ఒకదానిపై నొకటి పేర్చినచో రాచుకొని గీతలుపడును. డబ్బాలో చెమ్మను పీల్చు సిలికా జెల్ పొట్లములను వేసి, అవి చెమ్మగిలినప్పుడు మార్చుచుండుడు. వానకు తడియు బయటిగోడ నానుకొన్న బీరువా మంచిది కాదు. చెక్కపెట్టెకంటె ఇనుపబీరువా మేలు. చెక్కనుండియు, మట్టిరంగు అట్టనుండియు పుల్లని ఆవిరులు వెలువడును. వానికి సీసము తెల్లని పొడియై రాలిపోవును. శాతవాహనులు సీసపు నాణెములను విస్తారముగా ముద్రించిరి. విశాఖ చెంతనున్న తొట్లకొండ, బావికొండ బౌద్ధారామముల త్రవ్వకములలోను శాతవాహనుల నాణెములు, రోమను నాణెములు బయల్పడినవి. రెండువేల యేండ్లకు చేరువగా మన్నిన సీసము చెక్కపెట్టెలో చెడునన్న, ఉంచుచోటు ఎంత ముఖ్యమో తెలియుచున్నది. మఱియు 2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కిటికీలు పగిలి వాననీరు ఇండ్లలో జొచ్చిన సంగతి ఆ యూరివారు మఱవలేదు. డబ్బాను క్రింది అరలో గాక పైయరలో నుంచుడు.

ఆ సోదరి ప్రశ్నకు మా సమాధాన మిది. గీతలుపడిన డబ్బీలను పైన చెప్పినట్లు మెఱుగుపెట్టుడు. చిట్లినదానిని అతుకక సంచిలో భద్రపఱుపుడు. చీటిమీది సంఖ్యను ఆ సంస్థవారి జాబితాలో ఫోనుద్వారా సరిచూచుకొనవచ్చును. చూచి, నాణెము పేరు, సంవత్సరము, అంకె సరిపోయినవని నిశ్చయించుకొనుడు. పిదప ఒక్క వర్తకునికి గాక ముగ్గురికి చూపుడు. తూకపుమాట యెత్తినవానికి నమస్కరించి లేచి రండు.

చివరగా అందఱకు నొక మనవి. ఇంట మగవారు ముచ్చటపడి కూర్చినదాని విలువ వారికి తెలియును. వారు లేనినాడు అది పిల్లలకు ఆటవస్తువు, పరులకు బేరపుసరకు అగుచున్నది. ఆ సరకును కాచుచు తాళపుచెవి మోయుచున్నవారికి దాని పేరైనను తెలియకుండుట న్యాయముకాదు. ఒక చిన్న పుస్తకము కుట్టుకొనుడు. ఒక్కొక్క నాణెమునకు ఒక్కొక్క పుట: పేరు, సంవత్సరము, చీటిసంఖ్య, ఎప్పుడు, ఎంతకు వచ్చినది, డబ్బీ యెట్లున్నది. రెండువైపుల ఛాయాచిత్రములను అంటింపుడు. కూర్చినవారు ఎదుట నుండగానే వారి నోటనే అడిగి వ్రాసికొనుడు. వారికి చెప్పుట యొక సంతోషము. మీకు వినుట యొక ఆస్తి. పాలలెక్క, చాకలిపద్దు వ్రాయు చేతికి ఇది పెద్దపని కాదు. కూతురికో, కోడలికో తాళపుచెవి నిచ్చునాడు ఈ పుస్తకమునుకూడ దానితో నిండు.